రేకుల కప్పు, సిమెంటు కప్పు: ఇంటి అప్పులో స్త్రీ పేరు ఎక్కడ?

(కుత్బుల్లాపూర్ ప్రాంతపు బస్తీల స్త్రీలు, కార్యకర్తలు కలిసి జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటి అప్పు గురించి మాట్లాడమని పిలిచినప్పుడు నిర్వాహకులు నాతో ఒక మాట అన్నారు. "వడ్డీ లెక్కలు చెప్పండి చాలు, మిగతాది మాకు తెలుసు" అని. వడ్డీ లెక్కలు చెప్తాను. అయితే అంతకుముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి వుంది. ఏది ఇల్లు, ఏది ఇల్లు కాదు అని నిర్ణయించేది ఎవరు? షాపూర్‌నగర్‌లోనో, జగద్గిరిగుట్టలోనో, సూరారంలోనో రేకుల కింద ముప్పయ్యేళ్లు కాపురం చేసి, పిల్లల్ని పెంచి, పెళ్లిళ్లు చేసి పంపిన స్త్రీకి అది ఇల్లే. బ్యాంకు పంపిన వాల్యుయర్‌కి మాత్రం అది ఇల్లు కాదు. స్థలం మీద నిలబడి వున్న విలువ లేని కట్టడం. ఈ రెండు చూపుల మధ్య తేడా వట్టి సాంకేతిక విషయం అని నేను అనుకోవడం లేదు. ఆ తేడాకి ఎవరు ఎంత మూల్యం చెల్లిస్తున్నారో చూస్తే అందులో వర్గమూ వుంది, స్త్రీ పురుష భేదమూ వుంది.

ముందు ఈ ప్రాంతం సంగతి. 1960లలో ఐడీపీఎల్, హెచ్.ఎం.టీ. లాంటి ప్రభుత్వ పరిశ్రమలు బాలానగర్, చింతల్ వైపు వచ్చాయి. ఆ తర్వాత జీడిమెట్ల పారిశ్రామికవాడ పెరిగింది. ప్రభుత్వ కంపెనీల్లో పర్మినెంటు ఉద్యోగాలు దాదాపు అన్నీ మగవాళ్లవే. వాళ్లకి క్వార్టర్లు వుండేవి, ఇల్లు కట్టుకోవడానికి అడ్వాన్సు వుండేది, హౌసింగు సొసైటీలు వుండేవి. మెదక్, నల్గొండ, మహబూబ్‌నగర్ నుంచీ, శ్రీకాకుళం నుంచీ వచ్చి మందుల కంపెనీల్లో, ప్లాస్టిక్ యూనిట్లలో, ప్యాకింగు షెడ్లలో రోజుకూలీకి చేరిన స్త్రీలకి జీతం చీటీ కూడా లేదు. వాళ్లు ఇళ్లు కట్టుకున్న పద్ధతి మీ అందరికీ తెలుసు. అరవయ్యో డెబ్భయ్యో గజాలు వాయిదాల మీద కొనడం, ఒక చిట్టీ ఎత్తి గోడలు లేపడం, ఇంకో చిట్టీ ఎత్తి రేకులు వెయ్యడం, బిడ్డ పెళ్లి అయ్యాక వెనక ఇంకో గది. మేస్త్రీ చెప్పిందే ప్లాను. 2007లో కుత్బుల్లాపూర్ మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసే నాటికి ఇలాంటి బస్తీలు ఒకదానికొకటి ఆనుకుపోయాయి.

అంటే ఇక్కడి ఇల్లు ఒకసారి కొనే వస్తువు కాదు, ఇరవయ్యేళ్ల పాటు కొంచెం కొంచెంగా తయారయ్యేది. బ్యాంకు అప్పు మాత్రం ఒక్కసారి కొనే, ఒక్కసారి కట్టి ముగించే ఇంటిని దృష్టిలో పెట్టుకుని తయారైంది. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు ఈ బస్తీలో ఒక స్త్రీ అలాంటి ఇంటినే కొనాలనుకుంది అనుకుందాం. అమ్మే మనిషి ఇరవై లక్షలు చెప్పాడు. బ్యాంకుకి వెళ్తే ఇద్దరు మనుషులు రంగంలోకి దిగుతారు. ఒకరు కాగితాలు చూసే వకీలు, ఇంకొకరు కట్టడం చూసే వాల్యుయర్. వాల్యుయర్ మొదట తలెత్తి కప్పు చూస్తాడు. స్లాబు వుందా, రేకులా? పిల్లర్లు వున్నాయా, గోడల మీదే నిలబడిందా? ఇంకా ఎన్నేళ్లు నిలుస్తుంది? అప్పు ఇరవయ్యేళ్లకి అయితే ఇల్లు అంతకు మించి నిలవాలంటారు. రేకుల ఇంటికి ఆ ఆయుష్షు లేదని రాసి, కట్టడం విలువ సున్నా వేసి, స్థలం విలువ పన్నెండు లక్షలని తేలుస్తాడు. ముప్పై లక్షల లోపు ఇంటి అప్పుల్లో విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు నియమం. కానీ ఆ 90 శాతం వాల్యుయర్ వేసిన విలువలో, మీరు ఇచ్చే ధరలో కాదు. పన్నెండు లక్షలలో 90 శాతం అంటే 10 లక్షల 80 వేలు. మిగతా 9 లక్షల 20 వేలు ఎక్కడినుంచి రావాలి? దాని మీద రిజిస్ట్రేషన్ ఖర్చు వేరే. మన రాష్ట్రంలో అన్నీ కలిపి రిజిస్ట్రేషన్ విలువ మీద 7.5 శాతం. ఆ తొమ్మిది లక్షలూ మెడలో గొలుసు నుంచి, చిట్టీ పాట నుంచి, వారం వారం కట్టే మైక్రోఫైనాన్సు నుంచి వస్తాయి. ఆ మూడూ ఎవరి పేరిట వుంటాయో చెప్పక్కర్లేదు.

చాలా బ్యాంకులు ఇంత దూరం కూడా రావు. రేకుల ఇల్లు అనగానే ఫైలు మూసేస్తాయి. అప్పుడు వెళ్లేది చిన్న ఇళ్లకి అప్పిచ్చే హౌసింగు ఫైనాన్సు కంపెనీల దగ్గరికి. వాళ్లు ఇస్తారు, వడ్డీ ఎక్కువ వేసి. నిర్వాహకులు అడిగిన లెక్క ఇదిగో. పది లక్షలు, ఇరవయ్యేళ్లు. వడ్డీ 9 శాతం అయితే నెలకి 8,997 రూపాయలు. అదే 15 శాతం అయితే 13,168. తేడా నెలకి 4,171. ఇరవయ్యేళ్లకి పది లక్షలు దాటుతుంది. అంటే రేకుల కప్పు కింద వున్నందుకు, జీతం చీటీ లేనందుకు ఆమె ఇంకో ఇంటి అప్పంత డబ్బు అదనంగా కడుతుంది. 9, 15 అనేవి లెక్క కోసం నేను తీసుకున్న అంకెలు. మీ అప్పు కాగితంలో ఎంతుందో చూసి మీరే వేసుకోండి.

ఇక్కడ ఒక తమాషా సంగతి చెప్పాలి. మన జనగణన వాళ్ల నిర్వచనం తీసి చూడండి. ఇటుక గోడలు, ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకుల కప్పు వున్న ఇంటిని వాళ్లు శాశ్వత గృహం కిందే లెక్కేస్తారు. పక్కా ఇల్లు లేని కుటుంబాలు ఎన్ని అని ప్రభుత్వం లెక్క తీసినప్పుడు ఈ స్త్రీ ఇల్లు పక్కా ఇళ్ల వరసలో వుంటుంది. అదే స్త్రీ అప్పుకి వెళ్తే అది పక్కా ఇల్లు కాదు. లెక్కల్లో ఇల్లున్నది, బ్యాంకులో ఇల్లు లేనిది. ఒకే కప్పు, ఒకే రాజ్యం, రెండు సమాధానాలు.

ఆ రేకులు ఎక్కడినుంచో వచ్చినవీ కావు. చార్మినార్ మార్కు రేకులు ఇక్కడికి దగ్గరే, సనత్‌నగర్ ఫ్యాక్టరీలో తయారయ్యేవి. చవక కనక, ఒక్కరోజులో పడతాయి కనక పేదవాళ్ల కప్పు అయ్యాయి. ఆస్‌బెస్టాస్ పీచు ఏ రకమైనా క్యాన్సర్‌కి దారితీస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఆ పరిశ్రమలో పనిచేసేవాళ్ల ఆరోగ్యం వాళ్ల జీవించే హక్కులో భాగమని 1995లోనే సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కాబట్టి నేను రేకుల ఇంటిని పొగడడానికి రాలేదు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ కప్పు కింద వంట చేసిన వాళ్లెవరూ పొగడరు. స్లాబు కావాలి అనే మనమూ అంటున్నాం. స్లాబు వేసుకోవడానికి డబ్బు కావాలి, డబ్బు అడిగితే ముందు స్లాబు చూపించమంటారు. ఈ చక్రం నుంచి బయటపడే దారి గురించి మాట్లాడుతున్నాను.

కప్పు సంగతి అయింది. రెండోది కాగితం. నిజానికి కుత్బుల్లాపూర్‌లో ఎక్కువ ఫైళ్లు వెనక్కి వచ్చేది దీనివల్లే. మన బస్తీల్లో ఇళ్లు నోటరీ కాగితాల మీద చేతులు మారాయి. సాదా బైనామాల మీద, జీపీఏల మీద మారాయి. వంద రూపాయల పైన విలువ వున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజుతోనే జరగాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెప్తుంది. జీపీఏ, అమ్మకపు ఒప్పందం, వీలునామా మూడూ కలిపి రాసుకున్నా ఇల్లు మీదైనట్టు కాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నోటరీ ముద్ర సంతకాలకి సాక్ష్యం, అంతే. అది హక్కుని ఇవ్వదు. ఎర్ర సీలు చూసి రిజిస్ట్రేషన్ అయిపోయిందనుకున్న స్త్రీలు నాకు చాలామంది తగిలారు. వాళ్లకి చదువు రాక కాదు. అమ్మినవాడూ, మధ్యవర్తీ, ఒక్కోసారి ఇంట్లో మగవాళ్లూ అలాగే చెప్పారు.

ప్రభుత్వాలు దీన్ని క్రమబద్ధీకరణ పేరుతో పరిష్కరిస్తామంటాయి. 2014 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం 58, 59 జీవోలు ఇచ్చింది. సర్కారు భూమిలో ఇల్లు కట్టుకున్న పేదలకి 125 గజాల దాకా ఉచితంగా, ఆపైన డబ్బు కట్టించుకుని. 58 కింద పట్టా స్త్రీ పేరిట ఇవ్వాలన్నారు. ఇది చిన్న విషయం కాదు, స్త్రీల సంఘాలు ఏళ్ల తరబడి అడిగిన మాట అది. 2020 ఆగస్టులో అనుమతి లేని లేఅవుట్ల ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపేసి, వెంటనే ఎల్ఆర్ఎస్ ప్రకటించారు. 2023లో నోటరీ కాగితాల కోసం 84 జీవో వచ్చింది, అదీ హైకోర్టు దాకా వెళ్లింది. ప్రతిసారీ దరఖాస్తు రుసుము, మీసేవ దగ్గర లైను, ఒక రోజు కూలీ పోవడం. పథకం మారినప్పుడల్లా ఆ ఫైలు పట్టుకుని తిరిగేది స్త్రీలే అని ఈ గదిలో చేతులు ఎత్తమంటే తెలిసిపోతుంది.

బ్యాంకుల జాగ్రత్త అంతా వట్టిదని నేను అనను. 2024 సెప్టెంబరులో మల్లంపేట కత్వ చెరువులో కట్టిన విల్లాలని హైడ్రా కూల్చింది. 2025 సెప్టెంబరులో మన గాజులరామారంలోనే 300 ఎకరాలకి పైగా సర్కారు భూమిని స్వాధీనం చేసుకున్నామని ప్రకటించింది. కూల్చివేతల్లో ఇల్లు పోతుంది గానీ అప్పు పోదు. అప్పు ఒప్పందం మీరు బ్యాంకుతో చేసుకున్నది. ఇటుకలు మట్టిలో కలిసినా సంతకం నిలిచే వుంటుంది. కాబట్టి కొనేముందు సర్వే నంబరు నిషేధిత జాబితాలో వుందా, చెరువు హద్దులో వుందా అని చూసుకోవడం మన క్షేమం కోసమే. నా అభ్యంతరం వేరే చోట వుంది. భూమి మంచిదై, ఇంటిపన్ను రసీదులు ఇరవయ్యేళ్లవి వుండి, కరెంటు మీటరు ఆమె పేరిట వుండి, చిట్టీ ఒక్కటీ ఎగ్గొట్టని స్త్రీని కూడా ఒకే కారణంతో తిప్పి పంపడం జాగ్రత్త కాదు, బద్ధకం. పదిమంది సంఘంగా వస్తే తాకట్టు లేకుండా అప్పిచ్చే బ్యాంకు, అదే స్త్రీ ఒంటరిగా ఇంటి కోసం వస్తే ఆమె పదిహేనేళ్ల సంఘం పుస్తకాన్ని తెరిచి కూడా చూడదు.

బ్యాంకు తలుపు మూస్తే తెరుచుకునే తలుపు ఒకటుంది, వీధి చివర ఫైనాన్సు. దీని గురించి కొంచెం ఆగి చెప్పాలి. అక్కడ తనఖా అని పేరు, రాయించుకునేది మాత్రం అమ్మకం. లక్షకో రెండు లక్షలకో ఇంటి మీద అమ్మకపు ఒప్పందమో, ఏకంగా దస్తావేజో రాయించుకుంటారు. "డబ్బు కట్టగానే తిరిగి రాసిస్తా, ఇది వట్టి నమ్మకం కోసం" అంటారు. మరీ మంచివాడైతే ఆ మాట ఇంకో తెల్లకాగితం మీద రాసిస్తాడు. చట్టం ఏమంటుందో వినండి. షరతుతో అమ్మకం తనఖా కావాలంటే ఆ షరతు అమ్మకపు కాగితంలోనే వుండాలి. విడి కాగితంలో వుంటే దాన్ని తనఖాగా పరిగణించరు. 1929 నుంచీ ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్‌లో ఈ మాట వుంది. దాదాపు వందేళ్లుగా వడ్డీ వ్యాపారులకి తెలిసిన ఈ ఒక్క వాక్యం మనకి తెలియకపోవడం వల్ల ఎన్ని ఇళ్లు పోయాయో! ఎవరైనా మీ ఇంటి మీద అప్పిస్తూ "అమ్ముతున్నాను" అనే మాట వున్న కాగితం చూపిస్తే సంతకం చెయ్యకండి. వేలిముద్ర అసలే వెయ్యకండి.

ఇక నేను ముఖ్యంగా చెప్పాలని వచ్చిన సంగతి. అప్పులో పేరు, దస్తావేజులో పేరు.

ఇంటి అప్పు దరఖాస్తులో దరఖాస్తుదారు, సహ దరఖాస్తుదారు అని రెండు గడులుంటాయి. భర్త ఆదాయం చాలనప్పుడు భార్య జీతం కలపమంటారు, ఆమె సహ దరఖాస్తుదారు అవుతుంది. ఆ సంతకంతో ఆమె మొత్తం అప్పుకి బాధ్యురాలు. సగానికి కాదు, మొత్తానికి. భర్త కట్టకపోతే ఆమె కట్టాలి, ఆమె పేరు మీద కూడా సిబిల్‌లో మచ్చ పడుతుంది. కానీ దస్తావేజులో ఆమె పేరు వుండాలని ఆ గడి చెప్పదు. ఆస్తిలో భాగం వున్నవాళ్లంతా అప్పులో వుండాలని బ్యాంకు పట్టుబడుతుంది. అప్పులో వున్నవాళ్లంతా ఆస్తిలో వుండాలని మాత్రం అడగదు. బ్యాంకుకి దానితో పని లేదు. మనకి వుంది.

సూరారం దగ్గర ఒక మందుల కంపెనీలో ప్యాకింగు పనిచేసే ఒకామె నాతో అన్న మాట: "ఇల్లు కట్టింది నేనే మేడం. ఇటుకలు మోసిన, గోడలకి నీళ్లు కొట్టిన. వాయిదా నా అకౌంటుల నుంచే కోస్తరు. కాయితం మీద మాత్రం ఆయన పేరుంది." ఆయన చెడ్డవాడేం కాదని కూడా ఆమే చెప్పింది. నేను నమ్ముతాను. మగవాడి పేరు దస్తావేజులోకి ఎక్కడానికి అతను చెడ్డవాడు కానక్కర్లేదు. ఎవరూ ఏమీ అనుకోకపోతే చాలు, పితృస్వామ్యం తన పని తాను చేసుకుపోతుంది.

చట్టం ఆమెని ఆదుకుంటుందా? హిందూ వారసత్వ చట్టంలో కూతురి హక్కు గురించి మనం చాలా పోరాడాం. ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణ, దేశమంతటికీ 2005 సవరణ వచ్చాయి. అవి పుట్టింటి ఆస్తి గురించి. పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి సంపాదించిన ఇంటిలో భార్యకి భాగం అనే సూత్రం మన దేశంలో, గోవాలో తప్ప, చట్టంగా లేదు. 2005 నాటి గృహహింస చట్టం ఆమెకి ఆ ఇంట్లో వుండే హక్కు ఇచ్చింది. వుండే హక్కు వేరు, సొంతం కావడం వేరు. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఒక మంచి తీర్పు ఇచ్చింది, కన్నయన్ నాయుడు కేసులో. భర్త విదేశంలో సంపాదించి పంపితే ఇల్లు నడిపి, పిల్లల్ని పెంచిన భార్య శ్రమ కూడా ఆస్తి కొనడంలో వాటాయే, ఆమెకి సమాన భాగం వుందని. ఆనందించాం. కానీ ఆ తీర్పు వచ్చేసరికి ఆ దంపతులిద్దరూ చనిపోయారు, కేసు వారసుల చేతిలో వుంది. మనకి ఆ భాగం బతికి వుండగా కావాలి, రిజిస్ట్రార్ ఆఫీసులోనే కావాలి.

ఇంకోవైపు సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో వడ్డీ రాయితీ కావాలంటే తక్కువ ఆదాయం వాళ్లలో ఇంటి మీద స్త్రీ పేరు వుండాలని 2015లో షరతు పెట్టారు. ఢిల్లీ, హర్యానా లాంటి చోట్ల స్త్రీ పేరిట కొంటే స్టాంపు రుసుము తక్కువ. దీంతో స్త్రీల పేర్లు దస్తావేజుల్లోకి వచ్చాయి. వాటిలో కొన్ని రాయితీ కోసం వాడుకున్న పేర్లే, తర్వాత ఆమెని సంతకం పెట్టమని అమ్మేసినవీ వున్నాయి. అయినా నేను పేరు వైపే మొగ్గుతాను. పేరుంటే సంతకం కోసమైనా ఆమెని అడగాలి. అడిగిన రోజున కాదనే అవకాశం ఒకటి మిగిలి వుంటుంది.

బయటి దేశాల అనుభవం రెండు మాటల్లో. బ్రిటన్‌లో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్లు చాలక, ఫ్యాక్టరీలో పోసిన కాంక్రీటు పలకలతో మున్సిపాలిటీలు వేలాది ఇళ్లు కట్టాయి. 1980లో వచ్చిన చట్టంతో అద్దెకున్నవాళ్లు వాటిని కొనుక్కున్నారు. తర్వాత ఆ కాంక్రీటులో ఇనుము తుప్పు పడుతోందని తేలింది. అలాంటి ఇళ్ల మీద ఎవరూ అప్పివ్వరు, అప్పు లేక ఎవరూ కొనరు. కొన్నవాళ్లు అందులో ఇరుక్కుపోయారు. 1984లో వాళ్లు ఒక చట్టం చేశారు. అమ్మింది ప్రభుత్వ సంస్థ కనక మరమ్మతు ఖర్చులో ఎక్కువ భాగం ఇవ్వడమో, ఇల్లు తిరిగి కొనుక్కోవడమో చెయ్యాలని. ఇక్కడ పంచాయతీ ఇంటి నంబరు వేసింది, మున్సిపాలిటీ పన్ను వసూలు చేసింది, కరెంటు శాఖ మీటరు పెట్టింది. అప్పు దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ ఈ ఇల్లు తెలియదు.

రెండోది మనకి ఇంకా దగ్గర. బంగ్లాదేశ్‌లో గ్రామీణ బ్యాంకు 1984లో ఇంటి అప్పులు మొదలుపెట్టింది. నాలుగు కాంక్రీటు స్తంభాలు, పైన రేకులు, అదే దాని ప్రామాణిక ఇల్లు. రేకులున్నాయని కాదనలేదు, రేకులతోనే నమూనా తయారుచేసింది. కానీ ఇంటి స్థలం స్త్రీ పేరిట రాస్తేనే అప్పు అంది. భర్త పేరిట వుంటే మార్పించుకుని రమ్మంది. ఆ కార్యక్రమానికి 1989లో ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం కూడా వచ్చింది. గ్రామీణ బ్యాంకు మీద నాకు వేరే విమర్శలున్నాయి, వాటికి ఇది వేళ కాదు. మన దేశంలో అహ్మదాబాద్‌లో సేవా స్త్రీలు 1974లో సొంత బ్యాంకు పెట్టుకున్నారు. పక్కా పట్టా లేని బస్తీ ఇళ్లకి కూడా, గోడకీ కప్పుకీ మరుగుదొడ్డికీ విడివిడిగా అప్పులిస్తూ వచ్చారు. ఇల్లు విడతలుగా కడతారు కాబట్టి అప్పూ విడతలుగా. ఇంత తేలికైన సంగతి పెద్ద బ్యాంకులకి తోచకపోవడం ఆశ్చర్యమే.

మనం ఇక్కడ ఏం చెయ్యగలం? పెద్ద డిమాండ్లు తీర్మానంలో రాద్దాం, స్లాబు వేసుకోవడానికి విడిగా అప్పు, సంఘం పుస్తకాన్ని ఆదాయ రుజువుగా తీసుకోవడం, వాయిదా కట్టే స్త్రీ పేరు దస్తావేజులో తప్పనిసరి చెయ్యడం. అవి వచ్చేలోపు చేతిలో వున్నవి కొన్ని చెప్తాను.

అప్పు కాదన్నప్పుడు నోటిమాటతో వెనక్కి రాకండి. ఏ అప్పు దరఖాస్తునైనా తిరస్కరిస్తే ముఖ్య కారణాలు రాతపూర్వకంగా చెప్పాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకి నియమం పెట్టింది. 2003లో చిన్న అప్పులకి పెట్టి, 2007లో అన్నిటికీ వర్తింపజేసింది. ఆ కాగితం అడగండి. కుత్బుల్లాపూర్ మొత్తం నుంచి అలాంటి కాగితాలు యాభై పోగైతే అదే మన సర్వే. అది పట్టుకుని లీడ్ బ్యాంకు అధికారి దగ్గరికి వెళ్లొచ్చు.

అప్పు మంజూరైతే వడ్డీ, రుసుములు, మొత్తం కట్టవలసింది ఒకే పట్టికలో మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. 2024 అక్టోబరు నుంచి ఇది తప్పనిసరి. అసలు దస్తావేజులు ఇచ్చేటప్పుడు ఏమేం ఇచ్చారో జాబితా రాయించి ముద్ర వేయించుకోండి. అప్పు తీరిన ముప్పై రోజుల్లో అవి వెనక్కి రావాలి. వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయల చొప్పున మీకు ఇవ్వాలి, 2023 డిసెంబరు నుంచి ఆ నియమం వుంది. భర్త చనిపోయాక కాగితాల కోసం తిరుగుతున్న స్త్రీలు ఇది గుర్తుపెట్టుకోవాలి. చనిపోయినవారి వారసులకి పత్రాలు ఎలా ఇస్తారో బ్యాంకు ముందే ప్రకటించి వుంచాలని కూడా అందులోనే వుంది.

వాయిదాలు తప్పితే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద నోటీసు వస్తుంది. కోర్టు మెట్లు ఎక్కకుండానే ఇల్లు స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకుకి ఇచ్చిన చట్టం అది. నోటీసు నుంచి అరవై రోజుల గడువుంటుంది. ఆ లోపు అభ్యంతరం రాసి ఇస్తే పదిహేను రోజుల్లో జవాబివ్వాలి. స్వాధీనానికి దిగితే నలభై అయిదు రోజుల్లో రుణ వసూలు ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. బకాయి లక్ష లోపు వుంటే ఈ చట్టం వర్తించదు. అసలు, వడ్డీ కలిపి ఇరవై శాతం లోపే మిగిలినా వర్తించదు. పద్దెనిమిదేళ్లు కట్టి ఆఖర్న రెండేళ్లు ఆగిపోయిన వాళ్లని కూడా రికవరీ ఏజెంట్లు ఇదే పేరు చెప్పి బెదిరిస్తున్నారు. నోటీసు వచ్చిందంటే సిగ్గుపడి బీరువాలో దాచకండి, సంఘానికి తీసుకురండి. తేదీ వేసిన కవరుతో సహా.

ఇక కొనబోయేవాళ్లకి. దస్తావేజు ముసాయిదా రిజిస్ట్రేషన్‌కి వారం ముందే డాక్యుమెంటు రైటర్ దగ్గర తయారవుతుంది. దాన్ని తెప్పించుకోండి. అప్పు దరఖాస్తుని పక్కన పెట్టండి. రెండిటిలోనూ పేర్లు ఒకటేనా, చూడండి. అప్పులో మీరుండి దస్తావేజులో లేకపోతే ఆ వారంలో మార్పించడానికి ఒక పేజీ మళ్లీ టైపు చేయిస్తే సరిపోతుంది. రిజిస్ట్రేషన్ అయ్యాక మార్చాలంటే గిఫ్టు దస్తావేజు, స్టాంపు రుసుము, బ్యాంకు అనుమతి, అన్నిటికన్నా ముందు ఆయన ఒప్పుకోవడం. చదవడం ఇబ్బందిగా వున్నవాళ్లకి పక్కన కూర్చుని చదివిపెట్టడానికి ప్రతి బస్తీ నుంచి ఇద్దరు కావాలి. భోజనాల తర్వాత ఆ పేర్లు రాసుకుందాం.